సాంచాల చప్పుడు పెంచిన రోజు

కొత్తగా చేరిన డ్రాయింగు టీచర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, కాసేపు మొహమాటపడి, చివరికి అడుగుతారు. గదినిండా దారాలు కట్టడం, చప్పుళ్లు పెట్టడం, చూడవచ్చినవాళ్లను అందులో నడిపించడం, ఇది కూడా బొమ్మలు వేయడమేనా మేడం, ఇదంతా మీరెక్కడ నేర్చుకున్నారు అని. ఇక్కడే సూరత్‌లో, అడాజన్‌లో ఒక మేడమీద, కరోనా కాలంలో, ఉద్యోగం చివరికొచ్చాక నేర్చుకున్నాను అని చెబుతాను. అంతకంటే ఎక్కువ చెప్పాలంటే మా ఆయన సంగతి చెప్పాలి. ఆయన ఎదురుగానే కూర్చుని ఉంటాడు కాబట్టి అక్కడితో ఆపేస్తాను. రాతలో అయితే ఇబ్బంది లేదు. ఆయనకు చదవడం బద్ధకం.

నేను సూరత్‌లోనే పుట్టాను. మా నాయన సిరిసిల్ల వైపు నుంచి సాంచాల పనికి వచ్చినవాడు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. మేముండే గోడాదరాలో ఆ చప్పుడు లేని వీధి మా చిన్నప్పుడు లేదు. తెలుగు బడిలో చదువుకుని, తెలుగు బడిలోనే డ్రాయింగు టీచరునయ్యాను. సర్వీసంతా నేను వేయించినవి మామిడికాయ, కుండ, జెండా. స్కేలు పెట్టి గీత గీయాలి, గీత తప్పితే రబ్బరుతో తుడవాలి. నా క్లాసులో పిల్లలందరి మామిడికాయలూ ఒకే కొమ్మకు కాసినట్టుండేవి. దాన్ని నేను క్రమశిక్షణ అనుకునేదాన్ని.

బడులు మూతపడ్డాయి. ఫోనులో పాఠాలు చెప్పమన్నారు కానీ, మా పిల్లల ఇళ్లలో ఉన్న ఒక్క ఫోనూ నాన్న జేబులో పనికి పోయేది. ఆ రోజుల్లోనే మా హెడ్మాస్టరు గ్రూపులో ఒక సందేశం పెట్టారు. అడాజన్‌లో ఎవరో కళాకారిణి తన స్టూడియోలో డ్రాయింగు టీచర్లకూ, ఆసక్తి ఉన్న మరికొందరికీ కొత్త పద్ధతులు నేర్పుతారట. వెళ్లినవాళ్లకు ఇంటింటి సర్వే డ్యూటీ వెయ్యరని ఎవరో అన్నారు. కళ మీద నాకు ప్రేమ అలా పుట్టింది.

స్టూడియో అంటే ఒక హౌసింగు సొసైటీలో పై అంతస్తు, మూడు గదులు. నేర్పే ఆవిడను అందరూ బెన్ అనేవాళ్లు, గుజరాతీలో అక్క అన్నట్టు. నాకంటే చిన్నదే. మొదటిరోజు గుమ్మం దగ్గరే నా పెన్సిళ్ల పెట్టె తెరిపించి, అందులోంచి రబ్బరు తీసుకుని తన కొంగుకు ముడేసుకుంది. "టీచర్, యహా రబ్బర్ నహీ చలేగా," అంది నవ్వుతూ. ఇక్కడ రబ్బరు పనికిరాదట. పాతికేళ్లకు పైగా పిల్లల చేతిలో రబ్బరు పెట్టినదాన్ని, నా చేతిలోంచే లాక్కుంటే ఒళ్లు మండింది. కానీ సర్వే డ్యూటీ గుర్తొచ్చి ఊరుకున్నాను.

తర్వాత అందరినీ కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, రోడ్డు మీద వినబడుతున్న చప్పుడును రెండు చేతులతో ఒకేసారి గీయమంది. నేను చక్కగా ఒక సిటీ బస్సు వేశాను. కళ్లు మూసుకుని వేసినా చక్రాలు గుండ్రంగానే వచ్చాయి.

"చప్పుడు ఏది?" అని అడిగింది బెన్.

"బస్సు లోపల ఉంది," అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇంటికి వచ్చి మా ఆయనకు చెబితే ఆయనా నవ్వలేదు. ఆయన నవ్వడం మానేసి అప్పటికి చాలా రోజులైంది. ఆ సంగతికి వస్తాను.

మా జట్టులో ఇంకా ఇద్దరున్నారు. ఒకామె గర్బా నాట్యం నేర్పే టీచరు. ఆ ఏడు నవరాత్రికి గర్బాలు లేకపోవడంతో ఆమె కాళ్లు ఊరుకోక ఇక్కడికొచ్చింది. ఇంకొకాయన రేడియోలు బాగుచేసే పెద్దమనిషి, మేం రేడియోభాయ్ అనేవాళ్లం. ప్రపంచంలో ఏది చెడినా ఎక్కడో వైరు వదులైందనే ఆయన నమ్మకం. ఆమెకు ఏదైనా అడుగుల్లో చెప్తేనే అర్థమయ్యేది, ఆయనకు వైర్లలో. నాకు స్కేలు లేకపోతే చెయ్యి ఆడేది కాదు. మా ముగ్గురినీ కలిపి ఒక పని చేయమంటే మొదట్లో చేసింది పోట్లాటే. అయినా నేర్చుకున్నాం. చింకిగుడ్డలు నానబెట్టి, రుబ్బి, కాగితం తీశాం. దాని మీద గీస్తే బొగ్గు తనకు తోచిన దిక్కుకు పోయేది. నేల మీద పెద్ద కాగితం పరిచి గర్బా టీచరు అడుగులు వేస్తే, ఆ అడుగుల వెంట నేను గీతలు గీసేదాన్ని. తప్పు జరిగిన చోటునుంచి పారిపోకండి, అక్కడే కాసేపు కూర్చోండి అనేది బెన్. రబ్బరు లేకపోయాక కూర్చోక చేసేదేముంది? మెల్లమెల్లగా నాకు సిగ్గు పోయింది. ఇంట్లో పప్పు కలుపుతూ కూడా గరిటె చేసే చప్పుడు ఏ రంగులో ఉంటుందా అని ఆలోచించేదాన్ని. ఆ వయసులో అంత సంతోషం వస్తుందని నేననుకోలేదు. ఆ సంతోషం ఎవరితో చెప్పుకోవాలన్నా, చెప్పుకోవాల్సిన మనిషి గోడవైపు తిరిగి కూర్చునేవాడు.

మా ఆయనా సాంచాల మనిషే. పెళ్లికి ముందునుంచీ అదే పని. లాక్‌డౌన్ ఎత్తేసి కార్ఖానాలు తెరిచాక మా గల్లీలో మొదట జ్వరం వచ్చింది ఆయనకే. అప్పటిదాకా మా గల్లీవాళ్ల మాస్కులు గడ్డాల కింద వేలాడేవి. ఆయన్ను ఆసుపత్రికి తీసుకుపోయాక అందరివీ ముక్కు మీదికెక్కాయి. దేవుడి దయవల్ల తిరిగొచ్చాడు. దగ్గు పూర్తిగా తగ్గేదాకా పనికి రావద్దన్నాడు కార్ఖానా యజమాని సేఠ్. సాయంత్రాలు మా ఆయన చాయ్ బండి దగ్గరికి పోయి కూర్చునేవాడు. కొన్నాళ్లకు అదీ మానేశాడు.

"అందరు నన్ను వెలివెట్టిన్రే, టీచరమ్మ," అన్నాడొకరోజు. నా మీద కోపమొచ్చినా ప్రేమొచ్చినా నన్ను టీచరమ్మ అనే అంటాడు.

"ఎవలు వెట్టిన్రు?"

"అందరు. చాయ్ కాడ గూసుంటే మాస్కులల్ల గుసగుస వెడ్తరు. నేను మొఖం దిక్కు జూస్తె ఒక్కడు మాట్లాడడు. రోగమొచ్చినోడు గదా, గందుకే."

నాకు నమ్మకం కలగలేదు. పక్క సాంచాల మీద ఆయనతో కలిసి వయసంతా గడిపిన దోస్తు ఒకాయన ఉన్నాడు. నేరుగా ఆయన దగ్గరికే పోయి అడిగాను.

"మేమేడ వెలివెట్టినం వదినా?" అన్నాడాయన నొచ్చుకుని. "రోజు పిలుస్తనే ఉన్న. మాట్లాడిస్తె ఆయనే పలుకడు. దవఖానకు వొయ్యొచ్చినంక పెద్దోడైండు మీ ఆయన. మేం యాదికొస్తలేము."

ఈయన వాళ్లు మాట్లాడటంలేదంటాడు, వాళ్లు ఈయన పలకడంలేదంటారు. మగవాళ్ల పంతాలు ఇంతే అనుకున్నాను. చెవి సంగతి నా మనసుకు తట్టనే లేదు. సాంచాల దగ్గర పనిచేసినవాళ్లకు కొంచెం చెవుడు ఉంటుందని తెలుసు, మా గల్లీలో అందరూ గట్టిగానే మాట్లాడతారు. కానీ ఇంట్లో నేను ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఆయన ప్రతి మాటకూ జవాబు చెబుతాడు. వంటింట్లోంచి పిలిస్తే మాత్రం పలకడు. మొగుడన్నవాడు వంటింట్లోంచి పిలిస్తే పలకకపోవడం లోకం తీరే కదా అని ఇన్నేళ్లూ సరిపెట్టుకున్నాను.

చివరికి ఒకరోజు అన్నం ముందు కూర్చుని చెప్పాడు. "నేను ఊరికి వోత. అన్న కొడుకుల దగ్గరుంట. మాట్లాడే మనిషి లేని కాడ ఎన్నొద్దులుంట జెప్పు? నీ నౌకరి అయిపోయినంక నువ్వు రా."

నా సర్వీసు ఇంకా మిగిలే ఉంది. పెళ్లయిననాటినుంచి ఆయన్ను విడిచి ఒక్క పండగైనా చేసుకోలేదు. బతిమిలాడాను, తిట్టాను, దోస్తును ఇంటికి పిలుస్తానన్నాను. వద్దంటే వద్దన్నాడు.

ఆ వారమే బెన్ మాకు చివరి పని ఇచ్చింది. మీకు అందరికంటే బాగా తెలిసిన చప్పుడు ఏదో అది తీసుకుని, ఒక గదిని దానితో నింపండి, చూడటానికి మీవాళ్లను పిలవండి అంది. నా నోటినుంచి సాంచా అన్న మాట తప్ప ఇంకేమొస్తుంది? రేడియోభాయ్ మా గల్లీ కార్ఖానాకు వచ్చి చప్పుడు రికార్డు చేసుకున్నాడు. బట్ట నేసేశాక చివర మిగిలిపోయే పోగుల కట్టలు కార్ఖానావాళ్లు ఊరికే ఇచ్చారు. వాటిని ఈ గోడనుంచి ఆ గోడకు, తల ఎత్తులో, నడుము ఎత్తులో కట్టాం. గర్బా టీచరు, సాంచాలో పోగుల మధ్య దారాన్ని మోసుకుపోయే నాడె అటూ ఇటూ పరిగెత్తే తాళాన్ని అడుగులుగా మార్చి, నేల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టింది. వచ్చినవాళ్లు ఆ గుర్తుల మీద నడిస్తే తామే నాడె అవుతారట. ఆలోచన బాగుందని ముగ్గురం మురిసిపోయాం.

నా మనసులో ఇంకో ఆలోచన ఉంది. సాంచా చప్పుడు విని ఈయనకు ఎన్నాళ్లయిందో. ఈయన్నూ, గల్లీలో ఆయన జతగాళ్లనూ ఒకే గదిలోకి తెస్తే, ఆ చప్పుడు విన్నాక మనసు కరిగి ఎవరో ఒకరు ముందు పలకరిస్తారు. అదీ నా పథకం. ఆయన్ను అడిగితే, "నీ పని జూసి, అటునుంచే బస్సెక్కుత," అన్నాడు. బట్టల సంచీతోనే బయల్దేరాడు. నదికి ఇవతలి నుంచి అవతలికి ఆటోలో పోతున్నంతసేపూ ఆ సంచీ మా ఇద్దరి మధ్యా కూర్చుంది.

గల్లీవాళ్లు టెంపోలో వచ్చారు. గుమ్మం దగ్గర బెన్ నిలబడి ప్రతి మాస్కునూ ముక్కు మీదికి ఎక్కించి మరీ లోపలికి పంపింది. చప్పుడు మాత్రం ఆవిడ బాగా తగ్గించి పెట్టించింది. దూరంనుంచి ఏదో గుర్తొస్తున్నట్టు ఉండాలని ఒక కారణం, కింది అంతస్తులో సొసైటీ సెక్రటరీ ఉంటాడని రెండో కారణం. మావాళ్లు వరసగా లోపలికొచ్చి దారాల మధ్య నిలబడ్డారు. సుద్ద గుర్తుల మీద ఒక్కడూ నడవలేదు. పైగా, తొక్కితే ఏమంటారో అని పక్కకు జరిగారు. మా ఆయన కిటికీ మూలకు, ఆ దోస్తు తలుపు మూలకు.

ఆ దోస్తు మెడ సాచి చూసి, "ఏంది వదినా, సాంచాలు బందున్నయా?" అన్నాడు. నిజంగానే అడిగాడు పాపం. ఆయనకు ఆ చప్పుడు వినబడటంలేదు. పక్కనున్నవాళ్లకూ వినబడటంలేదు. సాంచాల చప్పుడులో చెవులు అరగదీసుకున్నవాళ్లకు సాంచాల చప్పుడును సన్నగా వినిపించాలనుకున్న మా తెలివికి ఏమని పేరు పెట్టను? దోస్తు మాటకు నలుగురూ మాస్కుల్లోనే నవ్వారు. మా ఆయన అది చూసి, తనను చూసే నవ్వారనుకుని, సంచీ భుజానికి ఎక్కించుకున్నాడు.

నాకు కోపమొచ్చింది. ఆయన మీదా, వాళ్ల మీదా, సుద్ద గుర్తుల మీదా, నా మీదా. రేడియోభాయ్ బల్ల దగ్గరికి పోయి, "పెంచండి భాయ్," అన్నాను. బెన్ ఒప్పుకోదన్నాడు. నేనే చెయ్యి పెట్టి ఆ మీట తిరిగినంతవరకూ తిప్పేశాను.

కిటికీ అద్దాలు అదిరాయి. దారాలన్నీ వణికాయి. ఆ తర్వాత జరిగింది మేం గీసిన ఏ కాగితంలోనూ లేదు. మావాళ్లు నిలబడే తీరు మారింది. కాళ్లు కొంచెం ఎడం చేసుకున్నారు, నడుములు కొంచెం వంగాయి, మాటలు ఆపేశారు. చేతులు లేచాయి.

మీకు తెలియకపోవచ్చు, సాంచాల షెడ్డులో ఎవరూ నోటితో మాట్లాడరు. మాట్లాడినా ఆ చప్పుడులో వినబడదు. చేతులతోనే అన్నీ చెప్పుకుంటారు. బొటనవేలు పెదవి వైపు వంచితే చాయ్. రెండు వేళ్లు కత్తెరలా కలిపితే దారం తెగింది. పొట్ట మీద గుండ్రంగా రాస్తే సేఠ్ వస్తున్నాడు. చిన్నప్పుడు నాయనకు సద్ది తీసుకుపోయి తలుపు దగ్గర నిలబడి నేనూ ఈ భాష నేర్చుకున్నాను. పెద్దయ్యాక మరిచిపోయానన్నది కూడా మరిచిపోయాను.

ఒకడు పొట్ట మీద చెయ్యి తిప్పి తలుపు వైపు చూపించాడు. అంతా భుజాలు ఎగరేసి నవ్వారు. మా ఆయన కళ్లు కూడా నవ్వాయి. అప్పుడు దోస్తు దారాల కిందినుంచి వంగి ముందుకొచ్చి, ఆయన్ను వేలితో చూపించి, అరచెయ్యి తిరగేశాడు. ఏడ వోయినవ్? మా ఆయన సంచీ కింద పెట్టాడు. తన మాస్కు మీద వేలు పెట్టి, అందరినీ చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. మీరే మాట్లాడుతలేరు గద. దోస్తు రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి, గొంతు చించుకున్నట్టు తల ఊపి, తర్వాత ఆయన చెవిని చూపించాడు. రోజు పిలిచిన, నువ్వే ఇంటలేవు. మా ఆయన చెయ్యి తన చెవి దగ్గరికి పోయి అక్కడే ఆగిపోయింది.

నా చెయ్యి ఇంకా మీట మీదే ఉంది. అప్పుడు అర్థమైంది నాకు. ఆయనకు ఎన్నేళ్లుగానో మాట వినబడటంలేదు. పెదవులు చూసి అర్థం చేసుకుంటున్నాడు. తాను అలా చేస్తున్నట్టు ఆయనకే తెలియదు, వింటున్నాననే అనుకున్నాడు. మాస్కులు ముక్కు మీదికెక్కిన రోజున ఊరంతా ఒక్కసారిగా ఆయనతో మాట్లాడటం మానేసింది. ఇంట్లో నా ముఖానికి మాస్కు లేదు కాబట్టి నేనొక్కదాన్నే ఆయనకు మిగిలాను.

గర్బా టీచరు నా చెవిలో అరిచింది, "ఇది మనం పెట్టామా?" అని. లేదని తల ఊపాను. బెన్ తలుపు దగ్గర నేలమీద చతికిలబడి, వాళ్ల చేతులనే చూస్తూ ఉండిపోయింది.

ఇంతలో సెక్రటరీ మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన ముఖం చూసి రేడియోభాయ్ భయపడి చప్పుడు ఆపేశాడు. గదంతా నిశ్శబ్దం. చేతులు సిగ్గుపడి కిందికి దిగాయి. దోస్తు మాస్కులోంచి ఏదో అన్నాడు. ఏదో మంచిమాటే. మా ఆయన ముఖం మళ్లీ గోడలా అయిపోయింది. ఇన్నాళ్లూ ఆ ముఖాన్ని పంతం అనుకున్నాను.

మా ఆయన ఒకసారి దోస్తు వైపు, ఒకసారి ఆగిపోయిన దారాల వైపు చూశాడు. తర్వాత రేడియోభాయ్ వైపు తిరిగి, షెడ్డులో ఈ చివరినుంచి ఆ చివరికి వేసే గొంతుతో, "చాలూ కరో భాయ్!" అని, మళ్లీ నడిపించమని అరిచాడు. పరాయివాళ్లతో ఆయన నోరు విప్పి ఎన్ని నెలలైందో. ఆ అరుపు సొసైటీ అంతా విని ఉంటుంది.

సెక్రటరీ ఏదో అనబోయాడు. బెన్ లేచి, ఆయన మాస్కును ముక్కు మీదికి ఎక్కించి, లోపలికి పిలిచింది. సాంచాలు మళ్లీ నడిచాయి. పాపం ఆ పెద్దమనిషి చెవుల్లో వేళ్లు పెట్టుకుని, గర్బా టీచరు సుద్ద గుర్తుల మీద అడుగులేసుకుంటూ గది ఆ చివరికి పోయాడు. మా పథకం ప్రకారం నాడెలా నడిచింది ఆయనొక్కడే.

కిటికీ దగ్గర దోస్తు సంచీని చూపించి, ఏందిదని చెయ్యి తిప్పాడు. మా ఆయన గాలిలో బస్సు స్టీరింగు తిప్పాడు. దోస్తు ముఖం చిన్నబోయింది. మా ఆయన రెండు వేళ్లు కత్తెరలా కలిపి ఆ స్టీరింగును కత్తిరించేశాడు. తర్వాత నా వైపు చూసి, ఎడమ అరచేతి మీద కుడిచేతి వేలితో రాసినట్టు చేశాడు. ఆ గుర్తు నాకు తెలియదు. దోస్తు నవ్వుతూ నా వైపు చూపించాక తెలిసింది. టీచరమ్మ. షెడ్డులో వాళ్లకు నా పేరు ఎన్నాళ్లనుంచో అదేనట.

ఇక మిగిలింది కొంచెమే. చాయ్ బండి దగ్గర కూడా మావాళ్లు చేతులతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆయన దగ్గు తగ్గి మళ్లీ కార్ఖానాకు పోయాడు. నేను బడి తెరిచాక పిల్లల దగ్గర రబ్బర్లు లాక్కోలేదు, బెన్‌కున్న ధైర్యం నాకు లేదు. కానీ మామిడికాయలు వేయించడం మానేశాను. మీరు కూడా ఏదైనా గది చేసి జనాన్ని పిలిచినప్పుడు సుద్ద గుర్తులు తక్కువ పెట్టండి. వచ్చినవాళ్లకు ఆ గదితో ఏం అవసరం ఉందో మీకు ముందే తెలియదు. నాకు తెలియలేదు.

నేను రిటైరయ్యాక ఆయన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయి మిషను పెట్టించాను. పెట్టించిన మర్నాడు వంటింట్లోంచి పిలిచాను. పలకలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచాను. పలకలేదు. గరిటె పట్టుకునే వచ్చి ఎదురుగా నిలబడ్డాను.

"చెవుల మిషనున్నది గద. ఇనవడలేదా?"

"ఇనవడ్డది," అన్నాడు.

"మరి పలుకవేంది?"

"పలికితె నువ్వు ఆడనే ఉండి జెప్తవ్. నీ మొఖం జూడంది నీ మాట నాకు ఇన్నట్టనిపియ్యది, టీచరమ్మ."